తూకం తప్పని పనితనం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ చదువుకునే పిల్లల పేటలు. ఒకవైపు ఇంజనీరింగ్ కాలేజీ, ఒకవైపు గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లు, మధ్యలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, వీటన్నిటి చుట్టూ హాస్టళ్ళు, అద్దె గదులు. ఇక్కడ చాలా ఇళ్ళలో కంప్యూటర్ అంటే ఒక్కసారి గట్టిగా ఖర్చు పెట్టి ఏళ్ళ తరబడి వాడుకునే వస్తువు. అందుకే "గ్రాఫిక్స్ కార్డు మార్చే టైమ్ వచ్చిందా?" అన్న ప్రశ్న ఇంట్లో చిన్నపాటి బడ్జెట్ చర్చకే దారి తీస్తుంది. ఆ ప్రశ్నకు జవాబుగా అందరూ కొత్త కార్డుల గొప్పలు చెబుతారు. నేను ఒక పాత కార్డును పరిచయం చేస్తాను: ఎన్విడియా జీటీఎక్స్ 1060, 6 జీబీ. దాన్ని ఎంత తూకంగా తయారు చేశారో చూస్తే, ఏ కార్డునైనా ఎప్పుడు మార్చాలో తేల్చుకునే పద్ధతి కూడా తెలుస్తుంది.

2016 జూలై 19న ఈ కార్డు మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో దాని ప్రకటిత ధర 249 డాలర్లు. దానికి రెండేళ్ళ ముందు 549 డాలర్లకు వచ్చిన జీటీఎక్స్ 980 ఎంత పని చేసేదో, ఇది దాదాపు అంత పనీ సగం కన్నా తక్కువ ధరకు చేసింది. 980 నిండా పని చేస్తే 165 వాట్లు తీసుకునేది. 1060కి 120 చాలు. ఈ అంకెల వెనక ఉన్న పనితనమే ఈ వ్యాసం.

చిప్పులో ఏం చేశారు

కార్డు గుండెకాయ జీపీ106 అనే చిప్పు. తైవాన్‌లోని టీఎస్ఎంసీ ఫ్యాక్టరీలో 16 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. 200 చదరపు మిల్లీమీటర్లలో, అంటే మన వేలిగోరంత జాగాలో, 440 కోట్ల ట్రాన్సిస్టర్లు. అంతకు ముందు తరం చిప్పులు 28 నానోమీటర్ల దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. మధ్యలో ఉన్న 20 నానోమీటర్ల మెట్టును ఎన్విడియా తన గేమింగ్ కార్డులకు వాడుకోకుండా నేరుగా 16కి వెళ్ళింది. కొత్త పద్ధతిలో ట్రాన్సిస్టర్ ఆకారమే మారింది. విద్యుత్తు నడిచే దారిని బల్లపరుపుగా కాకుండా నిలువు గోడలాగా లేపి, గేటు దాన్ని మూడు వైపుల నుంచి పట్టుకునేలా చేశారు. పట్టు గట్టిగా ఉండటంతో, ఆపినప్పుడు కూడా కారిపోయే కరెంటు తగ్గింది. కరెంటు కారడం తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే వేగం పెంచే వీలు వస్తుంది.

ఆ వీలును ఇంజనీర్లు పూర్తిగా వాడుకున్నారు. చిప్పులో సంకేతం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళే దారులు అసంఖ్యాకం. వాటిలో అన్నిటికన్నా ఆలస్యమయ్యే ఒక్క దారి మొత్తం చిప్పు వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతావన్నీ ఎంత చురుకైనవైనా దాని కోసం ఆగాల్సిందే. ఈ కార్డులున్న పాస్కల్ తరం కోసం అలాంటి దారులను వెతికి పట్టుకుని, ఒక్కొక్కటే సరిచేస్తూ పోయారు. ఫలితంగా 980లో 1,216 మెగాహెర్ట్జ్ ఉన్న బూస్ట్ వేగం 1060లో 1,708కి చేరింది. 980లో 2,048 కోర్లు ఉంటే 1060లో 1,280 మాత్రమే. తక్కువ మందితో ఎక్కువ వేగంగా అదే పని చేయించారు. 1642లో కూడికల యంత్రం చేయడానికి పూనుకున్న ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ పేరు ఈ తరానికి పెట్టారు. ఆ తరాన్ని పరిచయం చేసినప్పుడు కంపెనీ పనితనాన్ని కూడా ఒక విశేషంగా ప్రత్యేకంగా చెప్పుకుంది. అలా చెప్పుకునే హక్కు దానికి ఉంది.

బోర్డు మీద తూకం

కార్డు కూలర్ విప్పి చూస్తే చిప్పు చుట్టూ ఆరు మెమరీ చిప్పులు కనిపిస్తాయి. ఒక్కోటి 32 బిట్ల దారితో చిప్పుకు కలుస్తుంది. మొత్తం 192 బిట్లు. సెకనుకు 192 గిగాబైట్లు ఆ దారిన నడుస్తాయి. 980లో ఇది 224. అంటే దారి సన్నబడింది. అయినా పని ఆగలేదు. కారణం రంగుల కుదింపు. గేములో ఆకాశం, గోడ, రోడ్డు లాంటి చోట్ల పక్కపక్క పిక్సెళ్ళ రంగులు దాదాపు ఒకటే ఉంటాయి. అన్నిటినీ పూర్తిగా రాయకుండా, ఒకదాని రంగు రాసి మిగతావాటికి తేడా మాత్రం రాస్తే చోటు ఆదా అవుతుంది. వీలున్న చోట ఎనిమిదింట ఒక వంతు దాకా కుదించే పద్ధతిని పాస్కల్‌లో చేర్చారు. బొమ్మలో రవ్వంత కూడా తగ్గదు. దారిలో రద్దీ మాత్రం తగ్గుతుంది.

ఇంకో నిర్ణయం ఈ కార్డు ఆయుష్షునే పెంచింది. 2016లో 6 జీబీ మెమరీ ఈ ధర కార్డుకు ఎక్కువే అనిపించింది. 980కి ఉన్నది 4 జీబీ. అప్పటి గేములకు ఆరు అవసరం లేదు కూడా. ఆ మిగులే తర్వాతి ఏళ్ళలో కార్డును నిలబెట్టింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి దాని తమ్ముణ్ణి చూడాలి. అదే ఏడాది ఆగస్టులో అదే 1060 పేరుతో 3 జీబీ కార్డు వచ్చింది. అందులో మెమరీ సగానికి సగం తగ్గింది, కోర్లు 1,152కి తగ్గాయి. మొదట్లో రెండింటికీ తేడా స్వల్పం. రెండు మూడేళ్ళు గడిచి, గేముల్లో గోడల, మనుషుల ఉపరితల చిత్రాలు పెద్దవైన కొద్దీ 3 జీబీ కార్డు ఊపిరాడక ఆగి ఆగి నడిచింది. కోర్లలో తేడా పదో వంతే. దాన్ని ముందు ముసలిదాన్ని చేసింది మెమరీ. ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్మడం ఈ చక్కటి పని మీద పడ్డ మచ్చ. సెకండ్ హ్యాండ్‌లో 1060 కొనేవాళ్ళు ఈ రోజుకీ ఈ తేడా అడిగి తీరాలి.

ఇక కరెంటు. మదర్‌బోర్డ్ స్లాట్ నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ నుంచి ఇంకో 75 రావచ్చు. కార్డు తీసుకునేది 120. నలభై గంటల వాడకానికి అయిదు యూనిట్లు కూడా కాదు. మామూలు 450 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలు. మొత్తం కంప్యూటర్, మానిటర్ కలిపి 600 వీఏ యూపీఎస్ మోయగలిగినంతే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఆట ఆపుకుని కంప్యూటర్ సరిగ్గా బంద్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది. కార్డు తిన్న ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది కదా. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో, మేడ మీద చివరి అంతస్తు గదిలో, ఏసీ లేకుండా ఆడేవాడికి 120 వాట్లకూ 250 వాట్లకూ తేడా ఒంటికి తెలుస్తుంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఒక్క కార్డే 575 వాట్లు అడుగుతుంది.

కాలం పెట్టిన పరీక్ష

పనితనాన్ని కాలమే తూచాలి. 2019లో కంప్యూటర్లకు వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి తయారీదారులు సిఫారసు చేసిన కార్డు ఈ 6 జీబీ 1060. 2020 చివర్లో సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు కూడా సిఫారసుల్లో ఇది ఉంది. 2023లో అదే గేముకు కొత్త జాబితా విడుదల చేశారు. అందులో ఇది కనీస అర్హత దగ్గరికి దిగింది. 2024 ఆగస్టులో బ్లాక్ మిత్: వూకాంగ్ వచ్చినప్పుడూ కనీస అర్హత ఇదే. గేము తయారుచేసేవాళ్ళు ఇంతకాలం ఒక కార్డును కొలబద్దగా పెట్టుకున్నారంటే, అది కోట్ల మంది ఇళ్ళలో ఉందని అర్థం. గేములు అమ్మే స్టీమ్ నెలనెలా చేసే హార్డ్‌వేర్ సర్వేలో ఇది ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉండి, 2022 నవంబరులో జీటీఎక్స్ 1650కి ఆ చోటిచ్చింది.

పోటీ కంపెనీ కూడా దీనికి ఆయుష్షు పోసింది. తక్కువ పిక్సెళ్ళతో బొమ్మ గీసి, తర్వాత తెలివిగా పెద్దది చేసే పద్ధతిని ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ పేరుతో తన కొత్త ఆర్‌టీఎక్స్ కార్డులకే ఇచ్చింది. 2021లో ఏఎండీ అలాంటిదే ఎఫ్ఎస్ఆర్ పేరుతో అందరికీ తెరిచి పెట్టింది. దాన్ని మొదటిసారి లోకానికి చూపించినప్పుడు ప్రత్యర్థి కంపెనీకి చెందిన జీటీఎక్స్ 1060 మీద కూడా నడిపి చూపించింది. ఈ రెండు కంపెనీలకూ హైదరాబాదులో ఇంజనీరింగ్ కార్యాలయాలున్నాయి. నారాయణగూడలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు ఈ పనితనం పరాయి దేశపు కథ కానక్కర్లేదు.

చివరికి తలుపులు మూసుకోవడం మొదలైంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేము, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్, వెలుగు కిరణాలను లెక్కగట్టే ప్రత్యేక భాగం కార్డులో ఉంటేనే నడుస్తాయి. 1060లో ఆ భాగం లేదు. సెట్టింగ్స్ ఎంత తగ్గించినా లాభం లేదు. పాస్కల్ తరానికి గేముల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగుస్తాయని, భద్రతకు సంబంధించినవి మాత్రం మూడు నెలలకోసారి 2028 అక్టోబరు వరకు ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. అదే 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. 1060తో జతగా కొన్న ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఏదీ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. కార్డు, దాని తోడు ప్రాసెసర్ ఒకేసారి గడువు దగ్గరికి వచ్చాయి.

మార్చే ముందు ఏం చూడాలి

ఈ కథ చెప్పే పాఠం ఒకటే. కార్డు వయసు ఏళ్ళలో లెక్కపెట్టేది కాదు. మెమరీ, కోర్ల వేగం, కరెంటు, కొత్త గేములు అడిగే భాగాలు, డ్రైవర్లు అనే కొలతల్లో ఏది ముందు చాలకుండా పోయిందో అది చూడాలి. ఏది చాలడం లేదో తెలియకుండా కొత్త కార్డు కొంటే, బాగున్న భాగానికి మందు వేసి బాగాలేని భాగాన్ని వదిలేసినట్టే.

మొదట దుమ్ము. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ట్రాఫిక్ ఆగని రోడ్డు. కిటికీ తెరిచి ఉంచే ఇళ్ళలో క్యాబినెట్ లోపల దుమ్ము త్వరగా పేరుకుంటుంది. 1060 వేడెక్కిన కొద్దీ తన వేగాన్ని చిన్న చిన్న మెట్లుగా తానే తగ్గించుకుంటుంది. సుమారు 83 డిగ్రీల దగ్గర గట్టిగా పట్టి ఉంచుతుంది. కాబట్టి "కార్డు స్లో అయింది" అనిపించినప్పుడు ముందు ఫ్యాన్లు తుడిపించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసి కొత్తది వేయించాలి. కొన్ని వందల రూపాయల పని. పోయిన వేగం చాలాసార్లు తిరిగి వస్తుంది.

రెండోది తెర. ఈ విషయం చిక్కడపల్లి వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్కనే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎంఎం, దేవి 70 ఎంఎం, సంధ్య 70 ఎంఎం అని ఫిల్ము వెడల్పునే హాలు పేరులో పెట్టుకున్నారు. 70 ఎంఎం ఫిల్ముకు తగ్గ తెర హాల్లో లేకపోతే ఆ వెడల్పు ఎవరికీ కనబడదు. కంప్యూటర్లోనూ అంతే. 1080పీ తెర మీద ఒక బొమ్మకు సుమారు 20.7 లక్షల పిక్సెళ్ళు. 1440పీకి 36.9 లక్షలు. 4కేకి 82.9 లక్షలు, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్ అయితే సెకనుకు 60 బొమ్మలకు మించి అది చూపించలేదు. అక్కడ ఖరీదైన కార్డు పెడితే దాని శక్తిలో చాలా భాగం కంటికి చేరదు. పిల్లవాడు ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే, దాని తయారీదారులు సెకనుకు 144 బొమ్మల కోసం చెప్పిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. 1060 అంతకన్నా పై మెట్టు.

మూడోది ప్రాసెసర్. గేము ఆడుతుండగా కార్డు వాడకం ఎంత శాతం ఉందో చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాడకం ఎప్పుడూ 95 శాతం పైనే ఉండి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) చాలకపోతే భారం కార్డు మీద ఉన్నట్టు. వాడకం అరవై, డెబ్భై దగ్గర ఆడుతూ, ఎఫ్‌పీఎస్‌కు ఏ హద్దూ పెట్టకపోయినా ఆట తడబడుతుంటే కార్డు పని కోసం ఎదురుచూస్తున్నట్టు. అప్పుడు ప్రాసెసర్‌నో ర్యామ్‌నో చూడాలి. రెండు పుల్లల ర్యామ్ ఉండాల్సిన చోట ఒక్క పుల్లతో నడిచే కంప్యూటర్లు కూడా ఉంటాయి.

నాలుగోది మెమరీ. సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి, మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంటే కార్డు మెమరీ నిండిందేమో చూడాలి. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. ఒక్క బొమ్మకు 80 మిల్లీసెకన్లు పడితే సగటులో అది కనబడదు, కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు టెక్స్చర్ (ఉపరితల చిత్రాల) సెట్టింగ్ ఒక మెట్టు తగ్గించి చూడాలి. అప్పుడు ఆట సాఫీగా నడిస్తే లోపం ఎక్కడుందో తేలినట్టే.

ఇవన్నీ చూశాక కూడా కార్డే చాలడం లేదని తేలితే మార్చాలి. మార్చేటప్పుడు కూడా ఇదే తూకం చూడాలి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060లో 159 చదరపు మిల్లీమీటర్ల చిప్పులో 1,890 కోట్ల ట్రాన్సిస్టర్లు. 1060 కన్నా చిన్న చిప్పులో నాలుగింతలకు పైగా. తీసుకునేది 115 వాట్లు. ఉన్న ఎస్ఎంపీఎస్ మంచి కంపెనీది అయి, ఎనిమిది పిన్నుల తీగ ఉంటే మార్చనక్కర్లేదు. దాని బలహీనత 8 జీబీ మెమరీ. 1060కి ఆరు ఇచ్చిన రోజుల్లో ఉన్న ముందుచూపు ఇందులో కనబడదు. మెమరీ ముఖ్యమనుకుంటే 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 ఉంది, దానికి 170 వాట్లు కావాలి. ఇంటెల్ ఆర్క్ బీ580లోనూ 12 జీబీ ఉంది. కానీ మదర్‌బోర్డ్‌లో రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే అది సరిగ్గా పని చేయదు. పాత బోర్డులు చాలావాటిలో ఆ సదుపాయం ఉండదు. ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ స్లాట్‌లోని పదహారు దారుల్లో నాలుగే వాడుకుంటుంది. అందుకే పాత బోర్డులో పెడితే ఇంకా నెమ్మదిస్తుంది. కార్డు ఎంపికను పాత బోర్డు ఎలా శాసిస్తుందో ఈ రెండూ చెబుతాయి.

కొనడానికి మన దగ్గర పాత దారి ఒకటి ఉంది. చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో దిగితే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దగ్గరే. కొత్త కార్డు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు తీసుకుంటేనే వారంటీకి అండ. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకునేదాకా చాలా కార్డులు రాత్రింబవళ్ళు క్రిప్టో గనుల్లో పని చేశాయి. వాటి ఫ్యాన్లు, మెమరీ అరిగి ఉండవచ్చు. ఇంకా పాత చిప్పులోకి 1060 పేరు ఎక్కించి అమ్మిన నకిలీలూ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటివాటిని చాలావరకు పట్టిస్తుంది. అరగంట గేము నడిపి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

నా తీర్పు

అశోక్ నగర్ హాస్టల్లో పోటీ పరీక్షలకు చదువుతూ రాత్రి గంటసేపు వాలరెంటో, జీటీఏ 5ఓ ఆడేవాడికి 6 జీబీ 1060 ఇంకా చాలు. భద్రతా డ్రైవర్లు 2028 అక్టోబరు దాకా వస్తాయి. దుమ్ము తుడిపించుకుని వాడుకోవచ్చు. కిరణాల లెక్క తప్పనిసరి చేసిన కొత్త గేములు నిజంగా ఆడాలనుకునేవాడు, 1440పీ మానిటర్ కొన్నవాడు మార్చుకోవాలి. వాళ్ళకు ఇంకా ఆగమని చెప్పడం తప్పు సలహా. ప్రాసెసర్ కూడా ఆరో, ఏడో తరానిదైతే కార్డు ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవద్దు. మొత్తం కంప్యూటర్‌కు డబ్బు కూడబెట్టుకోవడం మేలు. అయితే ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఆ లెక్క కూడా వేసుకోవాలి.

మార్చాక తీసేసిన కార్డును పాత సామాన్లవాడికి వేయొద్దు. పని చేస్తుంటే ఇంకో విద్యార్థికి ఇవ్వండి, చవగ్గా అమ్మండి. పని చేయకపోతే ఈ-వ్యర్థాలను తీసుకునే రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు అప్పగించండి. 249 డాలర్ల కార్డులో ఇంత ముందుచూపు పెట్టిన ఇంజనీర్ల పని దాన్ని వాడగలిగినంత కాలం వాడుకునేవాళ్ళ చేతుల్లో ఉండటమే న్యాయం.